ఒకటో నంబరు గీత

మా కరీంనగర్‌ల ఖయ్యూం భాయ్‌కు ఎవరెదురైనా సరే, ఒక గీత గీసి పోవాలె. గంతే, ఇంకో తొవ్వ లేదు. సలాం పెట్టినోడైనా, నమస్తే అన్నోడైనా, బస్టాండు ఎటని అడిగినోడైనా, చంకలకెల్లి టాబ్ తీసి ముంగట పెడ్తడు. "జర ఒక్క గీత గియ్యుండ్రి," అంటడు. ఎసొంటి గీత అని అడిగితె "మీకు ఎట్లొస్తె అట్ల" అంటడు. ఎందుకని అడిగితె నవ్వుతడు. అవతలోడు ఏలుతోని సర్రున ఒక గీత గీసి, బతుకు జీవుడా అని తప్పించుకుంటడు.

ఆయన కంప్యూటర్ క్లాసు మేడ మీద, నా జిరాక్స్ షాపు కింద. నా పేరు రాంచందర్. మేడ మీదికి మెట్లు నా షాపు పక్కకెల్లే కాబట్టి, ఆయన ముచ్చట నాకు తెలిసినంత ఇంకెవ్వనికి తెల్వది. ఆయనతోని తిప్పలు వడ్డది గూడ నాకంటె ఎక్కువ ఎవ్వడు లేడు.

పొద్దుగాల పోరగాండ్లకు నౌకరీకి పనికొచ్చే చదువు చెప్తడు. మధ్యాహ్నం సంది సొంత పని. సొంత పని అంటె ప్రోగ్రాములు రాసుడు. దుకాణాలకు కాదు, దవాఖానలకు కాదు, బొమ్మలకు. మౌసు పట్టుకొని గీసుడు అసలే కాదు. మూడొందల లైన్లు టకటక కొడ్తడు, ఒక మీట నొక్కుతడు, తెర మీద మోదుగు చెట్టు లేస్తది. మల్ల నొక్కితె ఇంకో మోదుగు చెట్టు. మొదటిదాని కొమ్మలు దీనికి రావు. కొమ్మ ఎంత దూరం పోయినంక వంగాలె, పువ్వు ఎప్పుడు రాలాలె, అంతా ఆ లైన్లల్లనే చెప్పి పెడ్తడు. చెట్టు ఎట్ల వస్తదో ఆయనకు గూడ ఎరుక ఉండది. వచ్చినంక మనకంటె ఎక్కువ ఆయనే ఆశ్చర్యపోయి చూస్తడు.

"గిది దేనికి పనికొస్తది భాయ్?" అని ఒక్కదినం అడిగిన.

"చూడనీకె."

"చూసినంక?"

"ఇంకోటి చూడనీకె."

ఇగ ఆ మనిషితోని ఏం మాట్లాడుతం.

ఈ గీతల పిచ్చి మాత్రం మూడేండ్ల కింద షురువైంది. అంతకు ముందు లేదు. షురువైన కొత్తల మందమర్రిల ఆయన బావమరిది కొడుకు అర్ఫాత్ నిఖా అయితుంటె నన్ను గూడ తోల్కపోయిండు. పెండ్లిపిల్లగాడు నిఖానామా మీద సంతకం పెట్టి కలం ఇట్ల కింద పెట్టిండో లేదో, ఖయ్యూం భాయ్ టాబ్ జరిపిండు. పిల్లగాడు అసలే గాబరాల ఉన్నడు, ఇది గూడ రివాజే కావొచ్చు అనుకొని గీసిండు. పిల్లగాడు గీసిండని సాక్షులు గీసిండ్రు. సాక్షులు గీసిండ్రని పిల్ల తండ్రి గీసిండు. ఆఖరుకు ఖాజీ సాబ్ అద్దాలు తుడుసుకొని మరీ గీసిండు. ఆ ఖాందాన్‌ల తర్వాత ఇంకో రెండు నిఖాలైనయి. రెండిట్ల గూడ పెద్దమనుషులు "గీత ఏది, గీత కాలేదు కదా" అని అడిగిండ్రట.

ఇంకోసారి హెల్మెట్ లేదని చౌరస్తాల పోలీసాయన ఆపిండు. చలానా రాసి చేతుల పెడ్తె, ఈయన చలానా జేబుల పెట్టుకొని టాబ్ తీసిండు. పోలీసాయన అనుమానంగ అటు చూసి ఇటు చూసి, పొడుగ్గ ఒకటి గీసిండు. వారం దినాలకు మల్ల ఆపిండు. ఈసారి నెత్తి మీద హెల్మెట్ ఉంది. మరి ఎందుకు ఆపిండ్రు అంటె, నా గీత ఎట్లున్నది, ఏమన్న చేసినవా అని అడగనీకె ఆపిండట.

ఆదిలాబాద్‌ల ఒక జిన్నింగ్ మిల్లు కాడ గంగుబాయి అని ఒక పెద్దామె పత్తిల చెత్త ఏరుతుంది. రెండు చేతులు ఖాళీ లెవ్వు. నాకు తీరిక లేదు పో అని మరాఠీల నాలుగు చీవాట్లు పెట్టింది. ఈయన పోతడా? టాబ్ నేల మీద పెట్టి కూసున్నడు. ఇడుస్తలేడని ఆమె కాలి బొటనేలుతోని గీకింది. అది గూడ జమ.

కొండగట్టుకైతె నేనే తోల్కపోయిన. నా మొక్కు ఉండె. నేను దర్శనం చేసుకొని వచ్చేవరకు ఈయన మెట్ల మీద కూసొని వచ్చేపోయేటోళ్లతోని గీయిస్తున్నడు. ఒక కోతి కొబ్బరి చిప్ప కోసం దుంకి, టాబ్ మీద పంజా ఆనిచ్చి గుంజింది. టాబ్ కిర్రుమన్నది, గీత పడ్డది. చెరిపెయ్యి భాయ్ అన్న. "ఎట్ల చెరుపుత? గీసింది కదా," అన్నడు. ఆరు వందల పన్నెండో నంబరు మా కోతిది.

నంబరు అన్నకద, ఆ ముచ్చట చెప్పాలె. గీత గీసి ఏలు తియ్యంగనే టాబ్ మీద నంబరు పడ్తది. ఈయన మొట్టమొదలు గీయించింది ఇంట్ల హఫీజా భాభితోని. ఆమె ఏలు తీసి చూస్తె నంబరు రెండు. ఒకటి ఎవరిదని అడిగితె ఖాళీ అన్నడట. ఎవరి కోసం ఖాళీ అంటె, చాయ చల్లారుతుంది అని లేచిపోయిండట.

పెండ్లై ఇరవై ఆరేండ్లు అయినంక మొగుని కంప్యూటర్‌ల రెండో నంబరు వస్తె ఏ ఆడామె ఊరుకుంటది? కాలేజీల ఈయనతోని చదివిన అతియా అని ఒకామె పేరు ముందల బయటికి వచ్చింది. ఆమెకు మనుమలున్నరని తెల్సి, ఆ కేసు కొట్టేసింది. ఇగ అప్పటి సంది నా షాపుకు ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చిన ఆడోళ్లందర్ని మెట్ల మీదకెల్లి ఎగాదిగా చూసుడే. నన్ను గూడ పక్కకు పిలిచి, భయ్యా మీకన్న చెప్పిండా అని అడిగేది. నాకేం తెల్వదని నేను ఒట్టు పెట్టేటోన్ని. నిజంగనే తెల్వది.

మూడేండ్లల్ల నాలుగు వేల పైన గీతలు జమైనయి. ఖాజీ సాబ్ గీసిండు, పోలీసు గీసిండు, కోతి గీసింది. గియ్యనోన్ని ఊర్ల నేనొక్కన్నే. దినాం పొద్దుగాల మెట్లెక్కే ముందు నా షాపు కాడ ఆగుతడు. "పెయింటర్ సాబ్, ఒక్క గీత," అంటడు. నేను దినాం ఒక సాకు చెప్త. ఇయ్యాల మంగళవారం అంట. చేతులకు సిరా అయింది అంట. అద్దాలు ఇంట్ల మర్చిపోయిన అంట. ఆయన సరే అని పోతడు. తెల్లారి మల్ల ఆగుతడు. ఒక్కోపారి నాకు ఒళ్లు మండేది, ఈ మనిషికి సిగ్గూ శరం లేదా అని.

పెయింటర్ సాబ్ అని ఎందుకంటడంటే, జిరాక్స్ పెట్టకముందు నేను బోర్డులు రాసేటోన్ని. కరీంనగర్‌కెల్లి సిరిసిల్ల దాక ఏ దుకాణం బోర్డు చూసినా, కింద మూలకు "రాం" అని సన్నగ ఉండేది. బియ్యపు గింజంత అక్షరం నుంచి మనిషి ఎత్తు అక్షరం దాక, దారం పట్టి లైను కొట్టకుంటనే సక్కగ రాసేటోన్ని. ఇప్పుడెందుకు రాస్తలేవని ఎవరన్న అడిగితె, ఫ్లెక్సులు వచ్చి మా బతుకులు ఆగం చేసినయి అని పావుగంట ఉపన్యాసం ఇస్త. అందరు అయ్యో అంటరు. అండ్ల సగం నిజం. మిగిలిన సగం నా కుడి చెయ్యి. మూడేండ్ల సంది అది వణుకుతుంది. డాక్టర్ సాబ్ చూసి, ప్రాణానికి ఫికర్ లేదు, వయసుతోని కొందరికి వస్తది, గోళీలు వేస్తె జర తగ్గుతది అన్నడు. జర తగ్గింది. జరనే తగ్గింది.

ఎవ్వరికి చెప్పలే. ఇంట్ల కోమలకు గూడ సరిగ చెప్పలే, నా పెండ్లామై ఆమెకు తెల్వకుంట ఉంటదా అది వేరే ముచ్చట. చాయ నిండ పోస్తె ఒలుకుతదని ఎవరిచ్చినా సగం చాలు అంటుంటి. షుగర్ కావొచ్చని అందరు అనుకునేటోళ్లు. అనుకోనీ అని నేను ఊకున్న.

గసొంటప్పుడు సిరిసిల్లకెల్లి కైలాసం వచ్చిండు. సాంచల మీద, అంటె మర మగ్గాల మీద, నలభై ఏండ్లు బట్ట నేసిన మనిషి. ఇరవై ఎనిమిదేండ్ల కింద వాళ్ల నేత కార్మికుల భవనం గోడ మీద పేరు రాసింది నేనే. ఆ భవనం కూలగొట్టి కొత్తది కట్టిండ్రట, ఇరవై దినాలల్ల ఓపెనింగ్ ఉన్నదట, గోడ మీద నువ్వే రాయాలె అన్నడు. నాకు ఛాతీ ఉబ్బింది. ఆ ఉబ్బుల సరే అన్న. అన్నంక చెయ్యి గుర్తుకొచ్చింది. భుజం గుంజుతుంది కైలాసం, వేరేటోన్ని చూసుకోరాదు అని నసిగిన.

"నా బిడ్డకు అక్షరాలు నేర్పింది ఆ గోడ మీదనే," అన్నడు. "బడికి పంపకముందు దాన్ని ఎత్తుకొని నీ అక్షరాల మీద ఏలు పెట్టి దిద్దిచ్చిన. నువ్వు రాయకపోతె గోడ తెల్లగనే ఉంటది. ఫ్లెక్సు మాత్రం కట్టం."

మాట తీసుకొని పోయిండు. మెట్ల మీద ఖయ్యూం భాయ్ నిలవడి అంతా విన్నడు. టాబ్ మాత్రం తియ్యలే. నాకు అదే అనుమానం కొట్టింది.

పదిహేను దినాలు నేను పడ్డ తిప్పలు నాకే ఎరుక. రాయనంటె ఎందుకు రాయవని అడుగుతరు. రాస్తె ఊరంతా చూస్తది. కైలాసం ఫోన్ చేస్తుంటె ఎత్తకపోయేటోన్ని. ఆఖరుకు ఒకనాడు మధ్యాహ్నం షట్టర్ సగం దించి, డబ్బాలకెల్లి పాత బ్రష్ తీసిన. చార్టు పరిచి "నే" రాసిన. ఏత్వం ఒకదిక్కు, న ఒకదిక్కు. అక్షరానికి చలిజ్వరం వచ్చినట్టున్నది. ఇంకోటి రాసిన, ఇంకోటి రాసిన. మూడింటికి మూడు అట్లనే.

షట్టర్ కిందకెల్లి వంగి ఖయ్యూం భాయ్ లోపటికి వచ్చిండు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "గీత కావాల్నా? ఇగో చూడు నా గీత. చూసి నవ్వుకో, ఊరందరికి చూపెట్టుకో పో," అని చార్టు మొకాన వేసిన.

ఆయన చార్టు పట్టుకొని జిరాక్స్ కాయితాల కట్ట మీద కూసున్నడు. నవ్వలే.

"పెయింటర్ సాబ్, ఇది నాకు మూడేండ్ల సంది ఎరుకే," అన్నడు. "నువ్వు చాయ సగం చాలన్న నాడే సమజైంది. లే, మేడ మీదికి నడువు."

పోబుద్ధి కాలే గని, చార్టు ఆయన చేతుల ఉండె. అది తీసుకొని మెట్లెక్కుతుంటె వెనుక పోక తప్పలే.

కంప్యూటర్ ముంగట కూసోబెట్టి ఒక మీట నొక్కిండు. తెర నిండ మీదికెల్లి కిందికి దారాలు దిగినయి, మగ్గం మీద పడుగు లెక్క. ఎట్లున్నది అన్నడు. రూళ్ల నోటుబుక్కు లెక్క ఉన్నది అన్న. నిజంగనే ప్రాణం లేదు దానికి. ఇంకో మీట నొక్కిండు. అవే దారాలు, జరజర కదిలినయి, ఒకటి అటు ఒరిగింది, ఒకటి ఇటు ఒరిగింది. సిరిసిల్లల సాంచ నడుస్తుంటె పక్కన నిలవడి చూసినట్టే అయింది నాకు.

"నడుమ ఏం మారింది?" అన్నడు.

"తెల్వది."

"వణుకు. కంప్యూటర్‌కు వణుకు రాదు పెయింటర్ సాబ్. సక్కగ తప్ప గీయరాదు దానికి. దాన్ని వణికించెతందుకు నేను నలభై లైన్లు రాసిన, అయినా అది దొంగ వణుకే. నా అసొంటోళ్లు ఎక్కడున్నా గీ వణుకు కోసమే పరేషాన్ అయితుండ్రు. నీకు ముఫ్తుల, పైస ఖర్చు లేకుంట వచ్చింది. నువ్వేమో షట్టర్ దించుకొని దాస్తున్నవ్."

ఏడుపు వచ్చేటట్టుండె. కని ముఫ్తుల అన్న మాటకు నవ్వొచ్చింది. మూడేండ్ల సంది ఆ చెయ్యిని చూసి నేను నవ్వింది అదే మొదలు.

టాబ్ ముంగట పెట్టిండు. "ఒక్క గీత," అన్నడు.

గీసిన. మీదికెల్లి కిందికి, దాచకుంట, ఆపకుంట, వణికినకాడ వణకనిచ్చి గీసిన. చెరువుల గాలికి నీళ్లు కదిలినట్టు వచ్చింది. ఏలు తీసిన. నంబరు పడ్డది. ఒకటి.

సరిగ్గ అప్పుడే హఫీజా భాభి చాయ పట్టుకొని వచ్చింది. ఆమె కండ్లు ముందల టాబ్ మీద పడ్డయి, తర్వాత నా మీద పడ్డయి.

"ఒకటో నంబరు ఈ భయ్యనా?" అన్నది. "గీ జిరాక్స్ భయ్యనా? మూడేండ్లు నేను వచ్చిన ఆడోళ్లందర్ని అనుమానించి గునాలు, పాపాలు మూటగట్టుకున్న గదా."

ఖయ్యూం భాయ్ అప్పుడు అసలు ముచ్చట కక్కిండు. నా చెయ్యి సంగతి తెల్సిననాడే, నాతోని మల్ల గీయించాలె అనుకున్నడట. కని నన్నొక్కన్నే అడిగితె నేను ఇజ్జత్ కోసం లేచిపోత. గందుకె ముందల పదిమందిని అడిగి, పదకొండోడు అయినట్టు నన్ను అడుగుదామని సోంచాయించిండు. భాభితోని మొదలుపెట్టిండు. పదిమంది అయినంక నా దగ్గరికి వస్తె, నేను మంగళవారం అన్న.

"రెండు దినాల పని అనుకున్న," అన్నడు. "నిన్నొక్కన్ని వదిలి అందర్ని అడిగితె అనుమానం రాదని ఇంకో పదిమందిని అడిగిన. నువ్వు అద్దాలు లెవ్వంటివి. ఇంకో వందమందిని అడిగిన. మూడేండ్లు నువ్వు సాకులు చెప్తివి, నేను కోతి దాక పోయిన."

అంటె ఖాజీ సాబ్ అద్దాలు తుడుసుకున్నది, గంగుబాయి కాలితోని గీకింది, అతియమ్మ పేరు ఆగమాగం అయింది, అంతా నా మొండితనానికేనా. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. భాభి అయితె ఆయనను తిట్టాల్నా నన్ను తిట్టాల్నా అని జర సేపు ఆలోచన చేసి, ఇద్దర్ని తిట్టింది.

మిగిలిన అయిదు దినాలు సిరిసిల్లలనే ఉన్నం. రాత్రుల్ల ఖయ్యూం భాయ్ ప్రొజెక్టర్ పెట్టి, ఆ నాలుగు వేల గీతలను తన ప్రోగ్రాంతోని పడుగు చేసి గోడ మీదికి వదిలిండు. ఎవరి గీత ఎక్కడ దిగాలె, పక్క గీతకు ఎంత జాగ ఇడవాలె, ఎక్కడ నీలం ఎక్కువ కావాలె, అంతా ఆ ప్రోగ్రామే చూసుకున్నది. వెలుగు పడ్డ గీతల మీద నేత కార్మికులు రంగు దిద్దిండ్రు. వాళ్లకు దారం ఎట్ల నడుస్తదో చెప్పాల్సిన పని లేదు. నడుమ అక్షరాలు మాత్రం నేనొక్కన్నే రాసిన. నిచ్చెన మీద చెయ్యి వణికింది. వణకనిచ్చిన. నాలుగు వేల దారాల నడుమ నా అక్షరాలు గూడ దారాలతోనే నేసినట్టు కలిసిపోయినయి. కింద మూలకు "రాం" అని రాస్తుంటె చెయ్యి ఇంకా ఎక్కువ వణికింది, అది వేరే కారణం.

ఓపెనింగ్ పనులల్ల తిరిగిన కైలాసం గోడను నిమ్మలంగ చూసింది ఓపెనింగ్ నాడే. నా చెయ్యి సంగతి నేనే చెప్పిన, దాచలే.

"చెయ్యి వణికితె ఏమాయె," అన్నడు. "అప్పుడు పేరు గోడ మీద ఉండె. ఇప్పుడు సాంచ మీద ఉన్నది." తర్వాత ఆయన భార్య సత్తమ్మను పిలిచి, తలుపు మీద కోసుగ మలుపు తిరిగిన ఒక గీతను చూపెట్టిండు. "గా గీత ఎవరిదో గని, చెయ్యి తిరిగినోడే గీసిండు చూడు."

అది ఆరు వందల పన్నెండోది, కొండగట్టుది. ఖయ్యూం భాయ్, నేను, భాభి ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. ఇప్పటిదాక కైలాసంకు ఎవ్వరం చెప్పలే.

తెల్లారి షాపు తెరిచిన. పని అయిపోయింది గదా, ఇగ టాబ్ పక్కకు పెడ్తడనుకున్న. మెట్ల కాడ పాలాయనతోని గీయిస్తున్నడు. ఇంకా ఎందుకు భాయ్ అంటె, అలవాటైంది అన్నడు. హఫీజా భాభి చాయ తెచ్చింది. కప్పు అంచు దాక ఉన్నది. సగం చాలు భాభి అన్న.

"ఒకటో నంబరుకు సగమేంది?" అన్నది.

కప్పు పట్టుకున్న. సాసర్‌ల జర ఒలికింది, గల్లా బల్ల మీది తెల్ల కాయితం మీద జర ఒలికింది. ఒలికింది ఒలకనిచ్చి, సాసర్‌ల పోసుకొని నిమ్మలంగ తాగుతున్న. ఖయ్యూం భాయ్ కాయితం మీద చాయ పారిన తీరును వంగి వంగి చూసి, చంకలకెల్లి టాబ్ తీస్తున్నడు.